ఇంట్లో ఒక భాష, తెర మీద ఒక భాష

ప్రశ్న: అక్కా, నాది ధర్మవరం. అమ్మా నాన్నా ఇద్దరూ మగ్గం మీద పనిచేసేవాళ్లే. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ తోలుబొమ్మల పిచ్చి. డిగ్రీ చదివేటప్పుడు నిమ్మలకుంటలో ఒక పెద్దాయన దగ్గర రెండేళ్లు పని నేర్చుకున్నాను. తర్వాత చదువు కోసం టొరంటో వచ్చాను. నేను గే అని ఇంట్లో తెలిశాక మేనమామ బెదిరింపులు, బలవంతంగా కుదిర్చిన సంబంధం, అదంతా రాస్తే పెద్ద కథ. ఇక్కడే శరణార్థిగా అప్లై చేసుకున్నాను, పోయినేడు ఒప్పుకున్నారు, పీఆర్ (శాశ్వత నివాసం) కాగితాలు పెట్టాను. ఇంక నీకేం బాధ అంటున్నారు అందరూ. నాకేమో ఏ ఊరూ లేనట్టుంది. ఇక్కడి తెలుగువాళ్లు ఉగాదికి నా బొమ్మలాట పెట్టిస్తామని, నా సంగతి తెలిశాక ఫోన్ ఎత్తడం మానేశారు. ఒక ఆర్ట్ ఫెస్టివల్ వాళ్లు రామాయణం వద్దు, నువ్వు దేశం వదిలొచ్చిన బాధే చెప్పు అంటున్నారు. షెల్టర్‌లో నాతో ఉన్న ఉగాండా అబ్బాయినీ ఇరాన్ అమ్మాయినీ చూస్తే, మన దగ్గర స్వలింగ సంబంధాల్ని నేరమనే సెక్షన్ 377 పోయింది కదా, నేను నిజంగా శరణార్థినేనా అనిపిస్తుంది. ఇప్పుడు చెల్లి పెళ్లి కుదిరింది. అమ్మకి చూపు మందగించి మగ్గం దిగిపోయింది. ఇండియా పాస్‌పోర్టు మళ్లీ తీసుకుని ఒక్క వారం వచ్చి పోదామనుకుంటున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు పాస్‌పోర్టు సంగతి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు, ఇది మాత్రం ఆగదు. ఆ అప్లికేషన్ పెట్టొద్దు. పెట్టేసి ఉంటే, ఇంకో అడుగు వేయకుండా ఇవాళే నీ కేసు చూసిన లాయర్‌కి ఫోన్ చెయ్.

ఎందుకంటే, నీ దేశంలో నీకు రక్షణ లేదని నువ్వు చెప్పావు, వాళ్లు నమ్మి ఉండమన్నారు. అదే నువ్వు మళ్లీ ఆ దేశం పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని ఆ దేశానికే వెళ్లొస్తే, ఇతనికి భయం తీరిపోయింది, ఇంక మన రక్షణ అక్కర్లేదు అని నీకిచ్చిన హోదాని రద్దు చేయమని కెనడా ప్రభుత్వం కేసు వేయొచ్చు. దాన్ని సెసేషన్ అంటారు. 2012లో మార్చిన చట్టం ప్రకారం అలా హోదా పోతే దాంతో పాటే పీఆర్ కూడా పోతుంది. అంటే పీఆర్ వచ్చాక కూడా ఈ గండం ఉంటుంది, సిటిజన్ అయ్యేదాకా ఉంటుంది. ఎందుకు వెళ్లాడు, ఎన్ని రోజులున్నాడు అని కారణాలు చూస్తారు, నిజమే. కానీ చెల్లి పెళ్లికి వెళ్లి ఫోటోల్లో నవ్వుతూ నిలబడ్డవాడు నాకు అక్కడ ప్రాణభయం అంటే ఎవరు వింటారు? 'మా ఫ్రెండ్ వెళ్లొచ్చాడు, ఏం కాలేదు' అని నీకు చెప్పినవాళ్లు ఉంటారు. వాళ్లకి ఏం కాలేదంటే ఇంకా ఎవరి కంటా పడలేదని, అంతే. ప్రయాణాలకి కెనడా వాళ్లే రెఫ్యూజీ ట్రావెల్ డాక్యుమెంట్ ఇస్తారు. దాంతో వేరే దేశాలకి వెళ్లొచ్చు, వీసాలు తీసుకుని. సొంత దేశానికి మాత్రం చెల్లదు.

ఇది చదివి నువ్వు ఏడుస్తావని తెలుసు. చెల్లి పెళ్లికి అన్న లేకపోవడం అంటే మన దగ్గర ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. తలంబ్రాల టైమ్‌కి పదిమంది 'వాళ్లన్న యాడప్పా' అని అడుగుతారు, మీ అమ్మ ఏదో ఒకటి చెప్పుకోవాలి. దానికి నా దగ్గర మందు లేదు. నువ్వు రాకపోవడం ప్రేమ లేక కాదని చెల్లికి ఒక్కదానికైనా తెలియాలి. సెసేషన్ సంగతంతా వివరంగా చెప్పు. లాయర్ చెప్పినట్టు కాదు, నువ్వు చెప్పినట్టు.

ఇంక, నిజమైన శరణార్థినేనా అన్న ప్రశ్న. దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఇది నీ ఒక్కడి ప్రశ్న కాదు.

1951 నాటి శరణార్థుల ఒప్పందంలో నీలాంటివాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, వీటితో పాటు 'ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెందడం' అని ఒక మాట పెట్టారు. ఆ మాటలో ఎవరెవరు వస్తారో కోర్టులు తర్వాత ఒక్కొక్కటిగా తేల్చాయి. కెనడా సుప్రీంకోర్టు 1993లో వార్డ్ అనే కేసులో ఆ వర్గాల గురించి చెబుతూ లైంగికతని కూడా లెక్కలోకి తెచ్చింది. ఆ తలుపులోంచే నువ్వు లోపలికి వెళ్లావు. ఆ తలుపు దగ్గర ఎవరి బాధ బరువెంత అని తూకం వేయరు. వెనక్కి పంపితే ఈ మనిషికి ఏమవుతుంది, కాపాడేవాళ్లు అక్కడ ఎవరైనా ఉన్నారా, ఇదే చూస్తారు.

ఉగాండాలో 2023 చట్టం కొన్ని సందర్భాల్లో ఉరిశిక్ష దాకా వెళ్తుంది. ఇరాన్ చట్టంలోనూ మరణశిక్ష ఉంది. మన దగ్గర అలా కాదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377ని వయసొచ్చినవాళ్లు ఇష్టపడి కలిసే సంబంధాల మీద వాడకూడదంది, ఆ రోజు నేను కూడా సంతోషంతో ఏడ్చాను. 2023 అక్టోబర్‌లో పెళ్లి సంగతి వచ్చేసరికి అదే కోర్టు అది పార్లమెంటు పని అని వదిలేసింది. సరే, అది పోరాడేవాళ్లు పోరాడతారు. కానీ మీ మేనమామ ఏ సెక్షన్ చదివి నీ మీదికి వచ్చాడు? నీ ఫోన్ లాక్కుని, గదిలో పెట్టి, ముహూర్తం పెట్టించిన రోజు పోలీస్ స్టేషన్‌కి వెళ్లి ఉంటే ఏమయ్యేదో నీకూ తెలుసు నాకూ తెలుసు. నిన్ను కూడా విచారణలో అడిగే ఉంటారు, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో బతకొచ్చు కదా అని. మన దేశం నుంచి వెళ్లినవాళ్లని ఎక్కువగా ఆపేది ఆ ప్రశ్నే. దానికి నువ్వు జవాబు చెప్పగలిగావు, వాళ్లు విన్నారు. విన్నవాళ్లు పిచ్చివాళ్లు కారు. నీ కేసు నువ్వే మళ్లీ తిరగదోడకు.

ఆ ఉగాండా అబ్బాయికి నీ వల్ల చోటు తగ్గిపోలేదు. ఒకసారి అతన్నే అడిగి చూడు, నా మాట అబద్ధమైతే.

ఇప్పుడు ఫెస్టివల్. నీ ఉత్తరంలో నాకు బాగా కోపం వచ్చింది ఇక్కడే. చెడ్డవాళ్లు అననుగానీ, వాళ్లు అడుగుతున్నదేమిటో వాళ్లకి తెలీదు. నీ కథ నువ్వు ఇప్పటికే ఒకసారి పూర్తిగా చెప్పావు. ఫారంలో రాశావు, తేదీలతో సహా, ఎవరు కొట్టారు ఎప్పుడు కొట్టారు, ముందు చెప్పినదానికీ తర్వాత చెప్పినదానికీ తేడా రాకుండా, ముక్కూ మొహం తెలియని అధికారి ముందు కూర్చుని. అది చట్టం కోసం చెప్పాల్సి వచ్చింది, చెప్పావు, అయిపోయింది. అదే కథని టికెట్ కొన్నవాళ్లకి మళ్లీ చెప్పాల్సిన అప్పు నీకు లేదు. చెప్పాలనిపిస్తే ఎప్పుడో నీ ఇష్టంగా చెప్పుకో. 'కొత్త దేశం నన్ను కాపాడింది' అని చివర్లో చప్పట్లు కొట్టించే ఆట ఆడకపోతే నువ్వు కృతజ్ఞత లేనివాడివి అయిపోవు.

ఇంకో మాట. పోస్టర్ మీద నీ పేరూ ఫోటో వేస్తారు, అది ఎవరి ఫోన్‌లోంచో బయల్దేరి సాయంత్రానికల్లా ధర్మవరం వాట్సాప్ గ్రూపుల్లో ఉంటుంది. పెళ్లి ముందు అది చెల్లికి మంచిది కాదు, నీకూ కాదు. కాబట్టి వాళ్లు అడిగిన ఆట ఆడినా, నీకు నచ్చిన ఆట ఆడినా, వేరే పేరు పెట్టుకో, ఫోటో వద్దను, రికార్డింగ్ వద్దను. నీ కళకి ఇందులో ఒక సౌకర్యం ఉంది, తెర వెనక ఆడించేవాడి మొహం ఎవరికీ కనపడదు.

రామాయణం వద్దంటే విరాటపర్వం ఆడు.

ఊరికే అనడం లేదు. వానలు మొహం చాటేస్తే విరాటపర్వం చదివించడం, బొమ్మలాట ఆడించడం మన అనంతపురం పల్లెలకి కొత్త కాదు, నువ్వు చిన్నప్పుడు చూసే ఉంటావు. ఆ కథేమిటి? ఇల్లూ రాజ్యమూ పోయినవాళ్లు, ఆయుధాలు జమ్మిచెట్టు మీద దాచేసి, పేర్లు మార్చుకుని, పరాయి రాజు ఊళ్లో పని అడగడం. ఒకడు వంటవాడు, ఒకడు గుర్రాల దగ్గర, ఒకడు ఆవుల దగ్గర. అర్జునుడు బృహన్నలగా వెళ్లి నాకు ఆటా పాటా వచ్చు, నేర్పుతాను అన్నాడు. ఏడాదిలోపు ఎవరో తెలిసిపోతే మళ్లీ పన్నెండేళ్లు అడవి. వ్యాసభారతంలో ఇంకో సంగతి ఉంది, విరాటుడు బృహన్నల విద్య చూసి మెచ్చుకున్నాక కూడా, నిజంగా మగతనం లేనివాడేనా అని తేల్చుకున్నాకే కూతురి అంతఃపురానికి పంపాడు. ఇది చదివినప్పుడల్లా నాకు శరణార్థి ఆఫీసులే గుర్తొస్తాయి. నువ్వు గే అని రుజువేమిటి, చూపించు అని మనుషుల్ని పరీక్షలు పెట్టిన దేశాలున్నాయి. 2014 డిసెంబర్‌లో యూరప్ న్యాయస్థానం అలాంటి పరీక్షలూ, పడకగది వీడియోలూ సాక్ష్యంగా తీసుకోకూడదని చెప్పాల్సి వచ్చింది. మీ కెనడా శరణార్థి బోర్డు కూడా 2017లో, మూస అభిప్రాయాలతో ఇలాంటి మనుషుల్ని అంచనా వేయొద్దని మార్గదర్శకాలు పెట్టుకుంది.

బృహన్నల నువ్వే అని నేననను, అందరూ అన్నిటికీ పురాణాల్లోంచి ఒక పేరు తెచ్చి అతికిస్తే నాకూ విసుగే. కానీ ఆ తెర మీద, ఆ దీపం ముందు, పరాయి ఊళ్లో పరీక్షకి నిలబడ్డ ఒక ఆటగత్తెని నువ్వు ఆడిస్తే, నీ ఒంట్లో ఉన్నది నీ చేతుల్లోంచి వస్తుంది, ఒక్క వాక్యం కూడా నీ ఫైల్‌లోంచి తీసి చదవక్కర్లేదు. మధ్యలో నవ్వించడానికి కేతిగాడినీ బంగారక్కనీ దింపు. జుట్టుపోలిగాడిని మర్చిపోవద్దు. ఇమిగ్రేషన్ ఆఫీసు లైన్‌లో బంగారక్క నిలబడితే ఏమంటుందో రాయి, ఆ మాటలు తెలుగులోనే ఉండనీ, కింద ఇంగ్లీషులో పడనీ. డబ్బు సంగతి ముందే మాట్లాడుకో. మా వేదిక ఇస్తున్నాం కదా అంటే సరిపోదు, బొమ్మలు చేసిన రోజులకి కూడా కూలి లెక్క కట్టు. టొరంటో ఆర్ట్స్ కౌన్సిల్ కొత్తగా వచ్చిన, శరణార్థులైన కళాకారులకి మెంటార్‌షిప్ గ్రాంట్లు ఇస్తూ వచ్చింది, ఈ ఏడు రూల్స్ ఎలా ఉన్నాయో చూసుకో.

నువ్వు పంపిన ఉత్తరంలో చివర పేజీలో ఒక సంగతి రాశావు, పైన వేయలేదుగానీ దాన్ని వదలబుద్ధి కావడం లేదు. స్కార్‌బరోలో ఒక సోమాలీ ఆయన మాంసం కొట్టు నుంచి మేక తోలు తెచ్చుకుని, బాల్కనీలో బిగించి ఆరబెడితే చలికి ఆరలేదని, హీటర్ పక్కన పెడితే అంచులు అప్పడంలా చుట్టుకుపోయాయని. నిమ్మలకుంటలో నేను చూసింది ఎండలో మేకులు కొట్టి బిగించిన తోలు. వెంట్రుక పోయేదాకా గీరి, కింద అరచెయ్యి పెడితే గీతలు కనపడేంత పలచన చేసి, అప్పుడు మొద్దు మీద వేసి ఉలితో ఒక్కో చుక్కా కొట్టుకుంటూ పోయేవాళ్లు. సీత మెడలో హారం అంటే కొన్ని వందల చిల్లులు. పెద్దాయన భార్య రంగు రెండు వైపులా వేస్తూ, 'వెలుతురు ఆ పక్క నుంచి కదా వచ్చేది' అంది నాతో.

వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నది తెలుగు కాదు, నువ్వు రెండేళ్లు అక్కడ కూర్చున్నవాడివి, నీకు తెలిసే ఉంటుంది. మరాఠీ. ఎన్నో తరాల కిందట మహారాష్ట్ర వైపు నుంచి బొమ్మల పెట్టెలు మోసుకుని వచ్చినవాళ్లు. ఇప్పటికీ ఇంట్లో మరాఠీ, తెర మీద తెలుగు. సురభివాళ్లూ అలాంటి కుటుంబాల్లోంచి వచ్చినవాళ్లే, తోలుబొమ్మలు ఆడించేవాళ్లు 1885లో మన కడప జిల్లా సురభి గ్రామంలో తామే వేషాలు కట్టి కీచకవధ ఆడారు, తెలుగు నాటకం అంటే ఇవాళ వాళ్ల పేరే ముందు చెప్పుకుంటాం. ఇప్పుడు ఎవరైనా వచ్చి తోలుబొమ్మలాట మనది కాదు అంటే ధర్మవరంలో ఊరుకుంటారా? 2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలు అని జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది.

ఇది నీకెందుకు చెబుతున్నానంటే, వాళ్లు ఇంట్లో భాష మార్చుకుని ఇక్కడివాళ్లు కాలేదు. ఆడారు, పెట్టె సర్దుకున్నారు, పక్క ఊరు వెళ్లారు, మళ్లీ ఆడారు. నీకు అన్ని తరాలు పట్టాలని కాదు. టొరంటో నీదా, ధర్మవరం నీదా అని రాత్రిళ్లు కూర్చుని తేల్చుకోవాల్సిన పని లేదంటున్నాను. నీకు తోలు ఇచ్చే ఆ సోమాలీ ఆయన పేరు నీకు తెలుసు, నీ పేరు ఆయనకి తెలుసు. ఆటకి ఆయన్ని పిలిచావా?

తెలుగువాళ్ల సంగతి. ఫోన్ ఎత్తనివాళ్ల మీద నీ కోపం న్యాయం. వాళ్లకి రాముడి బొమ్మ కావాలి, ఆ బొమ్మ పట్టుకునే చెయ్యి వద్దు. ఆ చెయ్యి లేకపోతే బొమ్మ ఒట్టి తోలుముక్కే. మళ్లీ నువ్వు వెళ్లి బతిమాలొద్దు. కానీ ఉగాది అయిన మూడో రోజు ఓళిగల డబ్బా పట్టుకుని నీ గదికి వచ్చిన ప్రొద్దుటూరు దంపతుల గురించి కూడా నువ్వే రాశావు. వాళ్లు ఏమీ మాట్లాడలేదు, డబ్బా ఇచ్చి, టీ తాగి వెళ్లిపోయారు అన్నావు. మన వైపు మనుషులు కొన్నిసార్లు అలాగే చెబుతారు. డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదని మీ అమ్మ నేర్పే ఉంటుంది. ఏదో ఒకటి వండి పట్టుకెళ్లు. సంఘం వేరు, ఆ ఇద్దరు వేరు.

ఎవరైనా ఇదంతా విదేశాల జబ్బు అంటే, ఆదోని దగ్గర సంతెకుడ్లూరుకి హోలీకి వెళ్లి చూసి రమ్మను. మొక్కు తీర్చుకోవడానికి మగవాళ్లు పట్టుచీర కట్టి, నగలు పెట్టుకుని, పూలు ముడుచుకుని రతీమన్మథుల గుడికి వెళ్తారు, ఇంట్లో ఆడవాళ్లే దగ్గరుండి ముస్తాబు చేస్తారు. ఆ మగవాళ్లంతా నీలాంటివాళ్లని నేననడం లేదు, చీర విప్పిన మర్నాడు వాళ్లే ఒక నీలాంటి పిల్లాణ్ణి వెక్కిరించవచ్చు కూడా. కానీ మన నేల మీద లేనిది నువ్వు తెచ్చావనే మాట మాత్రం అబద్ధం.

నా సంగతి ఒకటి చెప్పనీ. అనంతపురం పాతూరులో మా వీధిలో ఒక అబ్బాయి ఉండేవాడు, వినాయకచవితి నాటకాల్లో ఆడవేషం ఎప్పుడూ అతనిదే. వేషానికి నా ఓణీ అడిగి తీసుకెళ్లేవాడు. వేషంలో ఉన్నంతసేపూ వీధంతా ఈలలు, వేషం తీశాక అవే నోళ్లతో అతన్ని ఏమేమో అనేవాళ్లు. ఒక తెల్లవారుజామున బెంగళూరు బస్సెక్కి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. నా ఓణీ ఉతికి, మడతపెట్టి, మా అరుగు మీద పెట్టి వెళ్లాడు. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. అతని కోసం నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు, ఎవరితోనూ. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి అతనే కళ్లలో మెదులుతున్నాడు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

చివరిగా అమ్మ. ఆమెకి ఎంత తెలుసో నువ్వు రాయలేదు. ఫోన్‌లో నీ పెళ్లి మాట ఎత్తడం మానేసిందనీ, 'యాడున్నా కడుపు నిండా తిను నాయనా' అని పెట్టేస్తోందనీ రాశావు. నాకైతే ఆమెకి అంతా తెలిసినట్టే అనిపిస్తోంది. ఆమెని ఇప్పుడే ఒప్పుకో అని నిలదీయకు, మేనమామ ఆ ఇంటికి రోజూ వస్తూ పోతూ ఉంటే ఆమె నోరు తెరవడం ఆమెకీ క్షేమం కాదు. నువ్వు చేయగలిగింది రెండు పనులు. ఒకటి, కళ్లు. మగ్గం మీద బతికినవాళ్లకి చూపు మందగిస్తే వయసులే అని వదిలేస్తారు. శుక్లమే అయితే చిన్న ఆపరేషన్‌తో పోతుంది, చెల్లి పెళ్లి పనుల్లో పడకముందే డాక్టర్‌కి చూపించమని డబ్బు పంపు. రెండు, ఆమెకి పాస్‌పోర్టు తీయించు. నువ్వు రాలేవుగానీ ఆమె వెళ్లగలదు. కెనడాకి విజిటర్ వీసా వస్తే సరే, రాకపోతే నీ ట్రావెల్ డాక్యుమెంట్‌కీ ఆమె పాస్‌పోర్టుకీ ఇద్దరికీ వీసా ఇచ్చే మూడో దేశం ఏదో ఒకటి వెతుక్కుని కలుసుకోవచ్చు. టికెట్ కొనేముందు లాయర్‌ని ఒక మాట అడుగు.

ఫారం నింపేవాళ్లు లేరని ఆగొద్దు. అనంతపురం నుంచి ధర్మవరం ఎంత దూరమని, గంట ప్రయాణం. నువ్వు సరేనంటే చీర కొనడానికి వచ్చినదానిలా మీ ఇంటికి వస్తాను, నీ పేరు ఎత్తను, మేనమామ ఉంటే చీర బేరమాడి వచ్చేస్తాను, లేకపోతే ఆమె పక్కన కాసేపు కూర్చుంటాను. ముందు చెల్లిని అడుగు. ఒప్పుకుంటే ఇల్లు ఏ వీధో, మేనమామ ఏ వేళ ఉండడో నాకు రాయి. అది ఇక్కడ వేయను.